కూల్చాలని ఓటేసే ముందు: మిడ్‌వెస్ట్ పల్లె కౌంటీల్లోని తెలుగువారికి బహిరంగ లేఖ

మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్ళలో పనిచేస్తున్న తెలుగు వైద్యులకు, ఇంజనీర్లకు, ఇక్కడి తెలుగు సంఘాల కార్యవర్గాలకు,

నమస్కారం.

నేను వాయవ్య ఒహాయోలోని ఒక వ్యవసాయ కౌంటీలో కుటుంబ వైద్యురాలిని. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తామని ఒప్పందం రాసి, వీసా మినహాయింపు పొంది వచ్చిన వాళ్ళలో నేనూ ఒకరిని. ఒప్పందం తీరాక కూడా ఇక్కడే ఉండిపోయాను. నా పిల్లలు ఇక్కడి బడిలోనే చదివారు. నా ఇంటి పన్ను ఇక్కడే కడుతున్నాను.

మా కౌంటీ కేంద్రంలో, ఊరి నడిబొడ్డున, పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇటుకతోనూ రాతితోనూ కట్టిన కోర్టు భవనం ఉంది. దాన్ని పడగొట్టి, ఊరి బయట హైవే పక్కన కొత్త కార్యాలయాలు కట్టాలన్న ప్రతిపాదన, కౌంటీ పాలన చూసే ఎన్నికైన కమిషనర్ల ముందు ఉంది. త్వరలోనే ఓటింగుకు వస్తుంది. ఈ విషయమై కమిషనర్లకు ఇంగ్లీషులో వివరంగా రాశాను. అందిందని ఒక ముక్క వచ్చింది, అంతే. బహిరంగ విచారణలో నాకు ఇచ్చిన మూడు నిమిషాలూ మాట్లాడాను. అడిగిన ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. తరువాత మన తెలుగు సంఘం పెద్దలకు రాశాను. అక్కడా మౌనమే. ఒకరు మాత్రం, "అది స్థానికుల వ్యవహారం కదండీ, మనకెందుకు" అన్నారు. ఆయన మంచి మనిషే, కష్టంలో ఉన్నవాళ్ళకు సాయం చేసే మనిషే. కానీ ఆ మాటకు జవాబు చెప్పకుండా ఉండలేక ఈ లేఖ మీ అందరి ముందు పెడుతున్నాను.

కౌంటీ పేరు రాయడం లేదు. మా కమిషనర్లను బజారుకెక్కించడం నా ఉద్దేశం కాదు. పైగా ఇది మా ఒక్క కౌంటీ కథ కాదు. ఒహాయోలో 88 కౌంటీలు, పొరుగున ఇండియానాలో 92. వాటిలో మీరున్న కౌంటీలోనూ ఇదే చర్చ ఏదో ఒకరోజు వస్తుంది, లేదా ఈపాటికే వచ్చి ఉంటుంది.

మనలో చాలామంది ఈ భవనం గుమ్మం తొక్కింది పెళ్ళి లైసెన్సుకో, జ్యూరీ పిలుపు వచ్చినప్పుడో. అందుకని లోపల ఏముందో ముందుగా చెప్పాలి. కింది అంతస్తులో రికార్డుల గది ఉంది. పొలాల దస్తావేజుల పుస్తకాలు అక్కడ ఇనుప అరల్లో వరుసగా పడుకోబెట్టి ఉంటాయి. ఒక్కో పుస్తకాన్ని మోయాలంటే రెండు చేతులూ కావాలి. అందుకే ప్రతి అరకూ దొర్లే ఇనుప గొట్టాలు బిగించారు, అంచు పట్టుకుని లాగితే పుస్తకం దొర్లుకుంటూ బయటికి వస్తుంది. నేను కొన్న ఇంటి స్థలానికి మొదటి హక్కుదారు ఎవరో తెలుసుకుందామని ఒకసారి వెళ్ళాను. గుమాస్తా ఒక సూచిక తీసి, వేలు పెట్టి వరుసలు చూపించింది. నల్ల సిరా కాలక్రమేణా గోధుమరంగుకు తిరిగింది. కొన్ని పేజీలు ఒక చేతివ్రాత, ఆ తర్వాత మరొకరిది. అమ్మినవారు, కొన్నవారు, టౌన్‌షిప్పు, సెక్షను, ఎకరాలు. 1785 చట్టంతో మొదలైన కొలత అది: ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పుతో ఒక టౌన్‌షిప్పు, అందులో 36 సెక్షన్లు, సెక్షనుకు 640 ఎకరాలు, వాటిలో ఒక సెక్షను బడి ఖర్చులకు. ఆ సర్వే మొదలైంది ఒహాయో తూర్పు సరిహద్దులోనే. మా పల్లె రోడ్లు మైలుకొకటి చొప్పున గీత గీసినట్టు తిన్నగా పోవడానికి కారణం ఆ కాగితాలే.

మరో అరలో పౌరసత్వ రిజిస్టర్లు ఉన్నాయి. ఒకప్పుడు పరాయిదేశం వాడికి అమెరికా పౌరసత్వం ఇచ్చే పనిని ఇలాంటి కౌంటీ కోర్టులు కూడా చేసేవి. ప్రష్యా రాజుకూ, బవేరియా రాజుకూ విధేయత వదులుకుంటున్నామని ప్రమాణం చేసిన జర్మన్ రైతుల పేర్లు వాటిలో వరుసగా ఉన్నాయి. సంతకం రానివాళ్ళు పెట్టిన ఇంటూ గుర్తులూ ఉన్నాయి. ఆ ఇంటిపేర్లలో కొన్ని ఈనాడు నా రోగుల జాబితాలో ఉన్నాయి. అక్కడ నిలబడి ఆ పేజీలు తిప్పుతున్నప్పుడు, నేను కుడిచెయ్యి ఎత్తి చేసిన ప్రమాణమే గుర్తుకొచ్చింది. వాళ్ళూ ఓడ దిగి వచ్చి, భాష రాక, చట్టం అర్థంకాక, ఇదే మెట్లు ఎక్కి వచ్చినవాళ్ళు. మనలాంటి పేర్లు ఆ పుస్తకాల్లో కనపడవు. దానికీ కారణం ఉంది. 1790 నుంచి ఆ హక్కు తెల్లవాళ్ళకే పరిమితం, 1870లో ఆఫ్రికా సంతతివారికీ ఇచ్చారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ఆ నిర్వచనంలోకి రారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారితే గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. స్థానికుల వ్యవహారం అంటున్నామే, ఆ స్థానికులు ఎప్పుడు ఎలా స్థానికులయ్యారో రాసిపెట్టి ఉన్నది ఈ గదిలోనే.

దస్తావేజుల మొదటి పేజీకి ముందు కథ ఇంకొకటి ఉంది. మా ప్రాంతంలో సెనెకా అనే ఆదివాసీ ప్రజలు ఉండేవారు. 1831 ఒప్పందంతో తమ భూమి వదులుకుని పడమటికి వెళ్ళిపోవలసి వచ్చింది. వయండాట్ జాతివారు 1843లో వెళ్ళారు, ఒహాయో నుంచి అలా కదిలిన చివరి జాతి వారిదే. అప్పర్ సాండస్కీలో వాళ్ళ కోసం 1824లో కట్టిన రాతి మిషన్ చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది. 2019లో మెథడిస్టు చర్చి ఆ కట్టడాన్నీ, దాని చుట్టూ ఉన్న స్థలాన్నీ ఒక్లహోమాలోని వయండాట్ నేషన్‌కు తిరిగి అప్పగించింది. చర్చిని ఎప్పుడో కూల్చేసి ఉంటే ఆనాడు అప్పగించడానికి ఏం మిగిలేది?

ఇక కూల్చివేత సంగతి. మా కళ్ళెదుట రెండు కౌంటీల అనుభవం ఉంది. రెండూ వ్యవసాయ కౌంటీలే, రెండూ మాకు దూరం కావు.

ఒకటి ఒహాయోలోని సెనెకా కౌంటీ, కేంద్రం టిఫిన్. అక్కడి కోర్టు భవనం 1884 నాటిది. దాని రూపకర్త ఎలైజా మైయర్స్, మిషిగన్, టెక్సస్, కొలరాడో రాష్ట్రాల రాజధాని భవనాలను రూపొందించిన మనిషి. అంతటి శిల్పి పని ఒక చిన్న ఊరికి దక్కింది. దాన్ని ఖాళీ చేసి ఏళ్ళ తరబడి అలాగే వదిలేశారు. మరమ్మతు చేయాలా, పడగొట్టాలా అని ఊరు రెండుగా చీలి పోట్లాడుకుంది. చివరికి 2012 జనవరిలో యంత్రాలు వచ్చి నేలమట్టం చేశాయి. ఆ తరువాత కొన్నేళ్ళు ఊరి నడిమధ్య ఖాళీ స్థలం. 2018లో అదే చోట కోటి డాలర్లకు పైగా ఖర్చుతో కొత్త న్యాయ భవనం తెరిచారు. అంటే కోర్టు మళ్ళీ ఆ జాగాలోకే రావలసి వచ్చింది, 1884 నాటి భవనం మాత్రం తిరిగి రాలేదు.

రెండోది ఇండియానాలోని రాండాల్ఫ్ కౌంటీ, కేంద్రం విన్‌చెస్టర్. అక్కడి కోర్టు భవనం 1877లో పూర్తయింది. 1950ల్లో దాని గోపురాన్నీ, ఏటవాలు పైకప్పునూ తీసేశారు. 2005లో కమిషనర్లు మొత్తం భవనాన్నే కూల్చాలని నిర్ణయించారు. అప్పుడు బ్రిడ్జి ఆట క్లబ్బులో కలుసుకునే ఏడుగురు పెద్దవాళ్ళు, చాలామంది ఎనభైల్లో ఉన్న మహిళలు, ఒక క్యాలెండరు వేయించారు. ఒంటిమీద బట్టలు లేనట్టు కనిపించే ఫోటోల్లో, కోర్టు భవనం చిన్న నమూనాలను అడ్డుగా పెట్టుకుని కూర్చున్నారు. అది దేశమంతా వార్త అయింది, కౌంటీలో చర్చ తిరగబడింది, కూల్చాలన్న నిర్ణయం వెనక్కి పోయింది. భవనాన్ని బాగుచేసుకుని కౌంటీ ఈనాటికీ వాడుకుంటోంది. ఆ అమ్మలు చరిత్రకారులు కారు, లాయర్లు కారు. ఊళ్ళో అందరూ చేతులెత్తేసిన వేళ తమ పరువును పణంగా పెట్టారు. వాళ్ళ ముందు నా మూడు నిమిషాల ప్రసంగం ఏపాటి?

మన దగ్గరి సంగతీ ఒకటి గుర్తుచేస్తాను. 2019లో హైదరాబాదులో కొత్త శాసనసభ కోసం ఎర్రం మంజిల్‌ను కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, ఇక్కడి మన వాట్సాప్ బృందాల్లో ఎంత బాధ వెల్లువెత్తిందో మీకు తెలుసు. పౌరులు కోర్టుకు వెళ్ళారు, ఆ ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎనిమిది వేల మైళ్ళ దూరంలోని కట్టడానికి బాధపడిన మనం, రోజూ కారులో పక్కనుంచి వెళ్ళే భవనం గురించి నోరు విప్పలేమా?

ఈ కూల్చివేత వల్ల సామాన్యులకు ఏం జరుగుతుందో నాకు తెలిసినంతలో వరుసగా చెబుతాను.

1. కార్యాలయాలు హైవే పక్కకు పోతే ముందుగా దెబ్బ తగిలేది కారు లేనివాళ్ళకు. మా ఊళ్ళో సిటీ బస్సు లేదు. చూపు మందగించి డ్రైవింగు మానేసిన పెద్దవాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తారు. వాళ్ళలో కొందరు ఊరి మధ్య పాత ఇళ్ళలో ఉంటారు, చేతికర్ర పట్టుకుని కోర్టు భవనం దాకా నడిచి వెళ్ళి పన్ను కట్టి వస్తారు. భర్త పోయిన ఆవిడ వీలునామా పని మీద ప్రొబేట్ కోర్టుకు వెళ్ళాలి. మనవల సంరక్షణ హక్కు కోసం నాయనమ్మలు వెళ్ళాలి. రేపు వాళ్ళందరూ ఎవరో ఒకరిని బతిమాలుకుని, నాలుగు వరుసల రోడ్డు దాటి వెళ్ళాలి.

2. కూడలి చుట్టూ ఉన్న దుకాణాలు కోర్టు భవనాన్ని నమ్ముకుని బతుకుతున్నాయి. జ్యూరీకి వచ్చినవాళ్ళు, లాయర్లు, గుమాస్తాలు మధ్యాహ్నం తినేది ఎదురుగా ఉన్న హోటల్లోనే. మంగలి షాపు, పూల కొట్టు, చెప్పులు కుట్టే ఆయన, అందరి బేరమూ ఆ మెట్ల మీది రాకపోకలతోనే. ఆ దుకాణాలు మూతపడితే వాటి ఆస్తి విలువ పడిపోతుంది, పన్ను రాబడి తగ్గుతుంది, ఆ లోటు మన ఇళ్ళ మీదా రైతుల పొలాల మీదా పడుతుంది. బడికో, అంబులెన్సుకో అదనపు పన్ను అడిగే ప్రతిపాదన ఓటుకు వస్తే, విసిగిపోయిన జనం కాదంటారు. ఆ నష్టం చివరికి నా ఆసుపత్రి గుమ్మంలోకే వస్తుంది.

3. కూల్చడం చవక అన్న లెక్క సరైనది కాదు. కమిషనర్లు విచారణలో చూపించిన అంచనా ఒకే ఒక్క పేజీ. పైకప్పు, విద్యుత్తు, లిఫ్టు, కిటికీలు అన్నీ కలిపి ఒకే మొత్తంగా వేశారు. కొత్త భవనం వైపు మాత్రం భూమి కొనుగోలు, మురుగునీటి లైను, అప్పు మీద వడ్డీ కనపడలేదు. కూల్చగా వచ్చిన శిథిలాలను తరలించే ఖర్చూ లేదు. రెండు వైపులా ఒకే కొలత వాడమని అడుగుతున్నాను, అంతకుమించి ఏమీ కాదు. డబ్బు కరువన్నది నిజమే. మొక్కజొన్న, సోయా ధరలు పడిపోయిన ఏడాది రైతు మీద ఇంకో పన్ను వెయ్యడం ఎంత కష్టమో కమిషనర్లకు నాకంటే బాగా తెలుసు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు దారి ఉండాలన్నదీ న్యాయమే, 1990 నుంచి చట్టమూ అదే చెబుతోంది. వెనకవైపు చిన్న నిర్మాణం చేర్చి లిఫ్టు పెట్టుకున్న పాత భవనాలు ఎన్నో ఉన్నాయి. ఆ దారిని కనీసం లెక్కకట్టి చూడలేదన్నదే నా ఫిర్యాదు.

4. రికార్డుల భద్రత. ఒహాయోలో 1867 నుంచి 1908 డిసెంబరు దాకా జనన మరణాలు నమోదైంది కౌంటీ ప్రొబేట్ కోర్టు పుస్తకాల్లోనే. వాటిని హడావిడిగా పెట్టెల్లోకి ఎత్తి తడి గోదాములో పడేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పొలం హద్దు తగాదాలో ఉన్న రైతుకు ఆ దస్తావేజే ఆధారం. మీరు ఇల్లు కొన్నప్పుడు హక్కు పరిశీలించిన సంస్థ వెతికింది ఆ పుస్తకాల గొలుసునే.

5. మరమ్మతు ఖర్చులో పెద్ద భాగం మనుషుల కూలికి పోతుంది. తాపీమేస్త్రీలు, వడ్రంగులు, రేకుపని వాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. కొత్త కట్టడంలో అంతే సొమ్ము ఎక్కడో తయారైన ఉక్కుకూ గాజుకూ పోతుంది.

"భవనం శిథిలమైపోయింది" అన్నమాట విచారణలో పదేపదే వినిపించింది. ఎందుకు శిథిలమైందో ఎవరూ అడగలేదు. ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్ళోనే కాదు, చాలాచోట్ల ఇదే జరుగుతోంది. పందొమ్మిదో శతాబ్దపు ఇటుక మెత్తనిది, దాన్ని సున్నంతో కట్టారు. మన ఊళ్ళలో గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్ళ గోడలు మీకు తెలుసు. ఆ సున్నం గోడలోని చెమ్మను బయటికి వదులుతుంది, గోడ కాస్త కదిలినా తట్టుకుంటుంది. తరువాతి తరాల్లో ఎవరో, మంచి ఉద్దేశంతోనే, ఇటుకల సందుల్లో గట్టి సిమెంటు పూశారు. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఒహాయో చలికాలంలో ఆ నీరు గోడలోనే గడ్డకట్టి, ఉబ్బి, ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా ఊడగొడుతుంది. దానికి తోడు పైన వాననీటి కాలువ మూసుకుపోయి ఏళ్ళయింది. ఈశాన్య మూలలో గోడ మీద పై నుంచి కింది దాకా పచ్చగా పాకిన చార కనపడుతుంది. లోపల సరిగ్గా అదే చోట సున్నపు పూత ఊడి, అడుగున చెక్క పట్టీలు బయటపడ్డాయి. విచారణలో శిథిలానికి సాక్ష్యంగా చూపించిన ఫోటో ఆ మూలదే. అక్కడ కావలసింది ముందుగా కాలువ శుభ్రం చేసే మనిషి, ఆ తరువాత సున్నం పని తెలిసిన మేస్త్రీ.

ఇంకో అపోహ కూడా తొలగాలి. భవనం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంటే ఎవరూ ముట్టుకోలేరని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1966 చట్టం కింద ఏర్పడిన ఆ జాబితా గౌరవం ఇస్తుంది, గ్రాంట్లకు దారి చూపిస్తుంది. ఫెడరల్ డబ్బో, అనుమతో అవసరమైన పని అయితే సమీక్ష జరగాలి. కౌంటీ తన సొంత డబ్బుతో తన సొంత భవనాన్ని కూల్చుకుంటానంటే ఆ జాబితా అడ్డుపడదు. అడ్డుపడగలిగింది ఓటర్లు, వాళ్ళను ఆలకించే కమిషనర్లు మాత్రమే. అందుకే మీకు రాస్తున్నాను.

కోర్టు భవనం ఒక్కటే పోయి ఆగదు. మిడ్‌వెస్ట్ పల్లె కౌంటీల్లో ఉన్నదేమిటో మనలో చాలామందికి తెలియదు, షికాగోకో కొలంబస్‌కో వెళ్ళే దారిలో అరవై మైళ్ళ వేగంతో దాటిపోతాం. ఒహాయోలోనే, షెల్బీ కౌంటీలోని సిడ్నీ అనే చిన్న ఊళ్ళో లూయిస్ సల్లివాన్ 1918లో పూర్తిచేసిన బ్యాంకు ఉంది. ఆకాశహర్మ్యాలకు రూపమిచ్చిన ఆ మహాశిల్పి చివరి రోజుల్లో పనులు దొరక్క, ఇలాంటి ఊళ్ళ రైతుల బ్యాంకులకు తన ప్రతిభనంతా ధారపోశాడు. విస్కాన్సిన్‌లోని వెర్నాన్ కౌంటీలో ఆల్గా షివర్స్ అనే నల్లజాతి వడ్రంగి కట్టిన గుండ్రటి పశువుల కొట్టాలు ఉన్నాయి. మధ్యలో మేత గాదె, చుట్టూ వలయంగా ఆవులు, ఒక్క మనిషి నడిమధ్య నిలబడి అన్నిటికీ మేత వెయ్యవచ్చు. ఇండియానాలోని పార్క్ కౌంటీలో పైకప్పు ఉన్న చెక్క వంతెనలు 31 నిలిచి ఉన్నాయి. వాటిలో బ్రిడ్జ్‌టన్ వంతెనను 2005లో ఎవడో తగలబెడితే, ఆ ఊరి జనం మరుసటి ఏడాదికల్లా మళ్ళీ నిలబెట్టుకున్నారు.

ఒహాయోలోని బ్రౌన్ కౌంటీలో ఉన్న రిప్లీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒహాయో నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. ఆవలి గట్టు కెంటకీ, బానిసత్వం ఉన్న నేల. జాన్ పార్కర్ అనే నల్లజాతి మనిషిని ఎనిమిదేళ్ళ వయసులో తల్లి నుంచి విడదీసి అమ్మేశారు. 1845లో 1,800 డాలర్లు చెల్లించి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నాడు. రిప్లీలో ఇనుప పోతపని కార్ఖానా పెట్టి, తన యంత్రాలకు పేటెంట్లు సంపాదించాడు. పగలు కార్ఖానా, రాత్రి పడవ. నది దాటి వెళ్ళి పారిపోయివచ్చిన బానిసలను ఈవలికి చేర్చేవాడు, పట్టుబడితే ప్రాణం పోయే పని. కొండమీద పాస్టర్ జాన్ రాంకిన్ ఇల్లు వాళ్ళకు ఆశ్రయం. ఈ రెండు ఇళ్ళూ ఇవాళ జాతీయ చారిత్రక స్థలాలు. పార్కర్ ఇల్లు గొప్ప భవనమేమీ కాదు, నది ఒడ్డున ఒక మామూలు ఇటుక ఇల్లు. శిథిలమైపోతున్న దశలో స్థానికులు పూనుకుని దాన్ని నిలబెట్టారు. మీ పిల్లలను అక్కడికి తీసుకెళ్ళండి. నది వెడల్పు ఆ గట్టు మీద నిలబడి కళ్ళారా చూస్తే, ఆ మనిషి ఏం చేశాడో వాళ్ళకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

ఇప్పుడు నా డిమాండ్లు. ముందుగా మా కౌంటీ కమిషనర్లకు, మీ కౌంటీలో ఇదే పరిస్థితి ఉంటే అక్కడి వారికీ. వీటి ఇంగ్లీషు ప్రతిని మా కమిషనర్ల కార్యాలయంలో మళ్ళీ ఇస్తున్నాను.

1. పాత కట్టడాల మరమ్మతులో అనుభవం ఉన్న స్వతంత్ర వాస్తుశిల్పితో పూర్తి పరిశీలన చేయించండి. ఆ నివేదిక ప్రజలకు అందేదాకా ఓటింగు ఆపండి. ఒక్కో పనికి ఒక్కో లెక్క ఉండాలి. కూల్చి కొత్తది కట్టడానికి అయ్యే మొత్తం ఖర్చు, వడ్డీతో సహా, దాని పక్కనే ఉండాలి.

2. విచారణ సాయంత్రం పెట్టండి. పనిదినం ఉదయం పూట పెడితే రైతు రాలేడు, నర్సు రాలేదు, ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నవాళ్ళు రాలేరు.

3. నిర్ణయం ఏదైనా, ఈ చలికాలం రాకముందే వాననీటి కాలువ బాగుచేయించండి, పైకప్పు మీద చిల్లులు మూయించండి. పాడైపోనిచ్చి ఆ తరువాత పాడైపోయిందని కూల్చడం ప్రజల ఆస్తి పట్ల న్యాయం కాదు.

4. రికార్డులన్నిటినీ స్కాన్ చేయించే వరకు ఒక్క పుస్తకాన్ని కూడా కదిలించవద్దు. స్కాన్ అయ్యాక కూడా అసలు పుస్తకాలు కౌంటీ దాటకూడదు.

5. గ్రామీణ ప్రాంతాల పాత కట్టడాల కోసం నేషనల్ పార్క్ సర్వీసు ఇచ్చే పాల్ బ్రూన్ గ్రాంట్ల వంటి వాటికి రాష్ట్ర సంస్థల ద్వారా ప్రయత్నించారా? ప్రయత్నిస్తే ఏ జవాబు వచ్చింది? లిఖితపూర్వకంగా చెప్పండి. కూడలి చుట్టూ ఉన్న ప్రైవేటు పాత భవనాల యజమానులకు, ఆదాయం ఇచ్చే చారిత్రక కట్టడాల మరమ్మతు ఖర్చులో 20 శాతాన్ని ఫెడరల్ ప్రభుత్వం కట్టాల్సిన పన్నులోంచి తగ్గిస్తోందన్న సంగతి తెలియజేయండి. ఆ దుకాణదారుల్లో ఆ మాట విన్నవాళ్ళు నాకు కనపడలేదు.

ఇక మనవాళ్ళకు.

6. పౌరసత్వం ఉన్నవాళ్ళు కౌంటీ ఎన్నికల్లో ఓటు వెయ్యండి. అధ్యక్ష ఎన్నికకు బారులు తీరే మనం కమిషనరు పదవి దగ్గరికొచ్చేసరికి ఆ గడి ఖాళీగా వదిలేస్తాం. ఈ భవనం భవిష్యత్తు ఉన్నది ఆ గడిలోనే. ఇంకా వీసా మీద ఉన్నవాళ్ళు ఓటు వెయ్యలేరు, కానీ సభకు వచ్చి కూర్చోవచ్చు, పన్ను కట్టే నివాసిగా ఉత్తరం రాయవచ్చు.

7. స్ట్రక్చరల్ ఇంజనీర్లుగా ఉన్న తెలుగువాళ్ళు ఈ రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. కమిషనర్ల ఒక్క పేజీ అంచనాను మీలో ఇద్దరు ముగ్గురు చదివి, అందులో ఏం లోపించిందో మీ పేరు మీద రాసి ఇవ్వండి. వైద్యురాలి మాటకంటే మీ మాటకు అక్కడ బరువెక్కువ.

8. సంఘాల పెద్దలకు: సంక్రాంతికీ దీపావళికీ హాలు అద్దెకు తీసుకుని, వేదిక అలంకరించి, భోజనాలు పెట్టడంలో మీ శ్రమ నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయడం లేదు. ఈసారి వేడుకలో ఒక పావుగంట ఈ విషయానికి ఇవ్వండి. మీరున్న కౌంటీ చరిత్ర సంఘంలో సభ్యత్వం తీసుకోండి. ఆ సంఘాలను నడుపుతున్నది చాలావరకు పదవీ విరమణ చేసిన టీచర్లు, వాళ్ళకు కంప్యూటరు తెలిసిన కుర్రవాళ్ళ సాయం కావాలి. మన పిల్లలు స్వచ్ఛంద సేవ గంటల కోసం ఎక్కడెక్కడో వెతుక్కుంటున్నారు. దస్తావేజుల పుస్తకాలు స్కాన్ చేసే పని వాళ్ళ ఊళ్ళోనే ఉంది.

9. నా తోటి డాక్టర్లకు: ఒప్పందం మూడేళ్ళూ అయిపోగానే పెద్ద నగరానికి వెళ్ళిపోయేవాళ్ళను నేను తప్పుపట్టను, ఎవరి కారణాలు వారివి. కానీ ఉన్నన్నాళ్ళూ మీరు ఈ ఊరి మనుషులే. మీ మాటను ఈ ఊరు వింటుంది, ఎందుకంటే వాళ్ళ తండ్రి గుండెనొప్పితో వచ్చిన రాత్రి అక్కడ ఉన్నది మీరు. ఆ గౌరవాన్ని ఈ ఒక్క పని కోసం వాడండి. వచ్చే సమావేశానికి రండి. నాకు ఇచ్చినట్టే మీకూ మూడు నిమిషాలు ఇస్తారు. పది మంది వస్తే అరగంట అవుతుంది, ఆ అరగంట సమావేశపు మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

ఇట్లు,
మీలో ఒకరు,
వాయవ్య ఒహాయోలోని ఒక పల్లె వైద్యురాలు